అమెరికా అడవిలో కొనేవాళ్లు లేని కర్ర

అమెరికాలో ఇల్లంటే కర్రే. గోడల లోపల కర్ర, పైకప్పు కర్ర, మెట్లు కర్ర. ఇంత కలప వాడే దేశంలో, అడవిలో కొట్టిన చెట్లను కొనేవాడు లేక కుప్పలు పోసి తగలబెడతారంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఒరెగాన్, వాషింగ్టన్, కాలిఫోర్నియా, అరిజోనా కొండల్లో చలికాలం వచ్చిందంటే జరిగేది అదే. ఆరేడు అంగుళాల మందం కూడా లేని చెట్లు, పెద్ద మాను కోశాక మిగిలే కొమ్మలు, కొసలు, వంకర దుంగలు, పురుగు తొలిచి నిలువునా ఎండిపోయిన చెట్లు. వీటన్నిటికీ కలిపి ఇక్కడి ఫారెస్టు వాళ్లు పెట్టుకున్న పేరు బయోమాస్. మన ఊళ్లో అయితే వంటచెరకు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సామిల్లు వాడు ఆ కర్ర ముఖం చూడడు. అడవి నుంచి రోడ్డు మీదికి తేవడానికయ్యే ఖర్చు కూడా దాని మీద రాదు.

మనకెందుకీ గొడవ అనుకోవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, మస్కట్‌లో కొన్నేళ్లు కాంక్రీటు పోయించి, తర్వాత పోర్ట్‌లాండ్ వచ్చినవాణ్ణి. అడవితో నాకేం పని? 2020 సెప్టెంబరులో ఒరెగాన్‌లో పది లక్షల ఎకరాలకు పైగా తగలబడినప్పుడు పని ఏమిటో తెలిసింది. పట్టపగలు ఆకాశం పసుపు తిరిగింది. గాలి ఎంత చెడిందంటే కొన్ని రోజులు ప్రపంచంలోని పెద్ద నగరాల్లో పోర్ట్‌లాండ్ గాలే అన్నిటికంటే అధ్వానమని లెక్కలు వచ్చాయి. సైట్లు మూశారు. గంటల లెక్కన జీతం తీసుకునేవాడికి సైటు మూస్తే ఇంటికి పంపే డబ్బు ఆగినట్టే. ఆ తర్వాత 2022లో ఒరెగాన్ ఒక రూలు తెచ్చింది. గాలి సూచీ 101 దాటితే బయట పనిచేసేవాళ్లకు యజమాని మంచి రకం మాస్కులు ఇవ్వాలి. ఎండలో మధ్యాహ్నం పని ఆపే రూలు గల్ఫ్‌లో ఉన్నట్టే, ఇక్కడ పొగకు రూలు వచ్చిందన్నమాట.

ఆర్పీ ఆర్పీ పెంచిన మంట

ఇంత కర్ర అడవిలో ఎలా పోగుపడింది? దీనికి నూరేళ్ల పైబడిన కథ ఉంది. 1910 ఆగస్టులో ఐడహో, మోంటానా కొండల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది మంటలార్పడానికి వెళ్లిన కూలీలే. అప్పటికి ఐదేళ్ల వయసున్న ఫారెస్ట్ సర్వీసు దానితో బెదిరిపోయింది. ఇక ఏ మంటనూ బతకనివ్వకూడదని తీర్మానించుకుంది. 1935లో అయితే, ఈరోజు కనిపించిన మంట రేపు పొద్దున పదింటికల్లా ఆరిపోవాలని ఏకంగా ఆర్డరే వేశారు. 1944 నుంచి స్మోకీ అనే ఎలుగుబంటి బొమ్మ పెట్టి పిల్లలకు కూడా అదే నూరిపోశారు.

అంతకుముందు అడవి అలా ఉండేది కాదు. పడమటి రాష్ట్రాల పాండరోసా పైన్ అడవుల్లో కొన్నేళ్లకోసారి చిన్న మంట నేల మీద పాకి, గడ్డినీ పిల్ల మొక్కల్నీ కాల్చి పోయేది. పెద్ద చెట్టుకు దళసరి బెరడు కాబట్టి దానికేమీ అయ్యేది కాదు. స్థానిక తెగల వాళ్లు కూడా కావాలనే మంట పెట్టి అడవిని తేలిక చేసేవాళ్లు. ఆ మంట ఆగిపోయాక ఎకరానికి పదుల్లో ఉండే చెట్లు వందల్లోకి వెళ్లాయి. అన్నీ బక్కచెట్లే. జొన్న చేలో ఒత్తుగా మొలిచిన మొక్కలు పీకి పలచన చేయకపోతే ఏమవుతుందో రైతు బిడ్డలకు చెప్పక్కర్లేదు. నీరు చాలదు, ఏదీ ఏపుగా ఎదగదు, తెగులు తగులుతుంది. 2012 తర్వాత వచ్చిన కరువులో కాలిఫోర్నియాలో 12 కోట్ల 90 లక్షల చెట్లు చచ్చిపోయాయని 2017లో ఫారెస్ట్ సర్వీసు లెక్క చెప్పింది. ఆ బక్కచెట్లే ఇప్పుడు మంటకు నిచ్చెనలు. నేల మీద పాకాల్సిన మంట వాటిని పట్టుకుని పెద్ద చెట్ల తలల్లోకి ఎక్కుతోంది.

2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే ఊరు ఊరంతా బూడిదైంది. 85 మంది పోయారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలాయి. కరెంటు లైను నుంచి లేచిన నిప్పు అది. ఇక డబ్బు సంగతికొస్తే, 1995లో ఫారెస్ట్ సర్వీసు బడ్జెట్‌లో 16 శాతం మంటల కోసం పోయేది. 2015కి అది సగం దాటింది. అంటే అడవిని చూసుకోవాల్సిన డబ్బంతా అడవి ఆర్పడానికే.

అరిజోనా కొండల్లో పదేళ్లు

పలచన చేస్తే నిజంగా ఫలితం ఉంటుందా అనేవాళ్లకు అరిజోనాలోని వైట్ మౌంటెన్స్ చూపించాలి. 2002లో రోడియో, చెడిస్కై అనే రెండు మంటలు కలిసిపోయి అక్కడ 4 లక్షల 68 వేల ఎకరాలు, 400కు పైగా ఇళ్లు మింగేశాయి. ఆ దెబ్బతో జనం కదిలారు. అంతకుముందు చెట్టు కొట్టాలంటే కోర్టుకెక్కే పర్యావరణం వాళ్లు, కొట్టకపోతే మా మిల్లు మూతపడుతుందనే కలప వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్ద చెట్ల జోలికి పోవద్దు, బక్కవే తియ్యాలి అని ఒప్పందం కుదిరింది. 2004లో ఫారెస్ట్ సర్వీసు పదేళ్ల కాంట్రాక్టు ఇచ్చింది. లక్ష్యం లక్షన్నర ఎకరాలు.

పదేళ్లు ఎందుకు అంత ముఖ్యమో కాంట్రాక్టు పని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఏడాదికో టెండరైతే మిషన్లు కొనడానికి బ్యాంకు వాడు అప్పివ్వడు. పదేళ్లు సరుకు వస్తుందని కాగితం ఉంటేనే మిల్లు పెడతారు. షో లో అనే ఊళ్లోని పెల్లెట్ల మిల్లుకు, స్నోఫ్లేక్‌లో 2008లో మొదలైన విద్యుత్ కేంద్రానికి ఈ కర్ర వెళ్లింది. అయినా కర్ర మీద వచ్చే డబ్బు ఖర్చుకు చాలలేదు. ఎకరానికింతని ప్రభుత్వమే ఎదురు ఇవ్వాల్సి వచ్చింది. ఆ డబ్బు సరిపోక పదేళ్లయ్యేసరికి లక్ష్యంలో సగానికి అటూ ఇటూగా ఆగింది.

కానీ ఆ సగమే అక్కరకొచ్చింది. 2011 మే చివర్లో ఇద్దరు కజిన్లు సరిగా ఆర్పకుండా వదిలేసిన క్యాంపు మంట నుంచి వాలో ఫైర్ లేచింది. 5 లక్షల 38 వేల ఎకరాలు, అరిజోనా చరిత్రలో అన్నిటికంటే పెద్దది. చెట్ల తలల మీద పరిగెత్తుకుంటూ ఆల్పైన్ ఊరి మీదికి వచ్చిన మంట, ఊరి చుట్టూ పలచన చేసిన పట్టీలోకి రాగానే తల దించి నేలకు దిగింది. నేల మీద మంటైతే మనిషి ఎదురు నిలబడగలడు. ఫైరు వాళ్లు నిలబడ్డారు, ఊరు దక్కింది. పక్కనున్న న్యూట్రియోసో, గ్రీర్ ఊళ్ల దగ్గర కూడా పలచన చేసిన చోట మంట తీరు మారిందని తర్వాత అధికారులు పరిశీలించి రాశారు.

ఇదే పనిని ఉత్తర అరిజోనా అంతటా, నాలుగు జాతీయ అడవుల్లో 24 లక్షల ఎకరాల మీద చేద్దామని ఇంకా పెద్ద పథకం వేశారు. 2012లో 3 లక్షల ఎకరాల కాంట్రాక్టు ఇచ్చారు. తీసుకున్న కంపెనీకి పెట్టుబడి పుట్టలేదు. మరుసటి ఏడే అది ఇంకో కంపెనీ చేతికి మారింది. ఆ కంపెనీ మూలం ఎక్కడో తెలుసా? ఒమన్. నేను మస్కట్ బాటలో ఉన్న రోజుల్లోనే అక్కడి కంపెనీ ఒకటి అరిజోనా అడవి కాంట్రాక్టు తీసుకుందంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పని మాత్రం అనుకున్న దాంట్లో చిన్న భాగమే జరిగింది. రెండో విడత టెండరును 2021 సెప్టెంబరులో ఫారెస్ట్ సర్వీసే రద్దు చేసుకుంది. అడ్డం పడింది ఆ వంటచెరకే. దుంగలు కొనేవాళ్లు దొరుకుతారు, వాటితోపాటు వచ్చే కొమ్మా రెమ్మా ఎక్కడ పెట్టాలి?

లారీ ఎక్కేది నీళ్లే

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. పచ్చి కర్ర బరువులో ఇంచుమించు సగం నీళ్లే. మిషన్లో వేసి చెక్కముక్కలు చేసి ఒక లారీకి 25 టన్నులు ఎత్తితే, అందులో పన్నెండు టన్నులు నీటిని మోసుకుపోతున్నట్టే. 50 మైళ్లు దాటితే లెక్క కుదరదని ఈ వ్యాపారంలో సామెతలా చెప్పుకుంటారు. మనకు ఇసుక లారీ లాగే. ఇసుక ధర కంటే కిరాయి ఎక్కువైన రోజు ఎంతమంది ఇళ్లు ఆపుకోలేదు? పైగా చవకైన గ్యాసు, ఆ తర్వాత సోలారు వచ్చి కర్ర కరెంటును దెబ్బతీశాయి. కాలిఫోర్నియాలో 1990ల మొదట్లో 60కి పైగా ఉన్న బయోమాస్ కేంద్రాల్లో సగానికి పైగా తర్వాత మూతపడ్డాయి.

నిలబడినవీ ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం ఈశాన్య మూలన కాల్విల్ అనే చిన్న ఊళ్లో ఒక కుటుంబం మిల్లు కొన్ని దశాబ్దాల కిందటే మిషన్లన్నీ సన్న దుంగల కోసం మార్చేసుకుంది. ఆ పక్కనే కెటిల్ ఫాల్స్‌లో 1983 నుంచి మిల్లుల పొట్టు, బెరడుతో నడిచే 50 మెగావాట్ల కేంద్రం ఉంది. ఒకడి చెత్త ఇంకొకడికి సరుకు, మధ్యలో దూరం తక్కువ. కిటుకంతా దూరంలోనే ఉంది.

ఇంకా చిన్నగా చేసినవాళ్లు మోంటానాలోని డార్బీ ఊరివాళ్లు. 2000లో బిటర్‌రూట్ లోయంతా కాలాక, చుట్టూ అడవిలో తీసిన కర్రతో బడి వెచ్చగా ఉంచుకుంటే పోదా అనుకున్నారు. 2003లో డార్బీ బడికి చెక్కముక్కల బాయిలరు బిగించారు. అంతవరకూ కొన్న డీజిలు లాంటి నూనె ఖర్చు తగ్గింది. ఆ పథకానికి బడులకు ఇంధనం అనే అర్థం వచ్చే పేరు పెట్టి చుట్టుపక్కల రాష్ట్రాలకూ తీసుకెళ్లారు. దీని గురించి గొప్పగా రాసేవాళ్లు తక్కువ. విమానం గురించి మాత్రం అందరూ రాశారు. 2016 నవంబరు 14న అలాస్కా ఎయిర్‌లైన్స్ వాళ్లు సియాటిల్ నుంచి వాషింగ్టన్ డీసీకి నడిపిన విమానంలో 20 శాతం ఇంధనం అడవిలో మిగిలిన కొమ్మల నుంచి తీసినది. చేయగలమని చూపించారు, అంతే. అంత ఖర్చుకు రోజూ ఎవరు ఎగరేస్తారు? నన్నడిగితే ఆ విమానం కంటే డార్బీ బాయిలరే ఎక్కువ.

బయోచార్ అని ఇంకోటి ఇప్పుడు బాగా వినిపిస్తోంది. గాలి సరిగా ఆడకుండా కర్రను కాల్చి నల్లబొగ్గు చేసి పొలంలో కలుపుతారు. నేలలో తడి నిలుస్తుంది, కార్బన్ కూడా మట్టిలోనే చాలాకాలం ఉండిపోతుంది. మన బొగ్గు బట్టీకి చుట్టమే ఇది. మట్టి కప్పి నాలుగైదు రోజులు కనిపెట్టుకుని కూర్చునే మన బట్టీవాడికి ఆ విద్య పుట్టుకతోనే వచ్చు.

సెంట్రింగ్ లేని స్లాబు

నా పనికి దగ్గరైనది మాత్రం సీఎల్‌టీ. పలకలను ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డంగా పేర్చి జిగురుతో ఒత్తి చేసే మందపాటి చెక్క. 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో పుట్టింది. అమెరికాలో కట్టడాలకు పనికొచ్చేదని సర్టిఫికెట్ పొందిన మొదటి సరుకు 2015లో ఒరెగాన్‌లోని రిడిల్ ఊరి మిల్లు నుంచే వచ్చింది. గల్ఫ్‌లో స్లాబు పని చేసినవాళ్లు ఊహించుకోండి. సెంట్రింగ్ లేదు, రాడ్ బెండింగ్ లేదు, క్యూరింగ్‌కు నీళ్లు పట్టే పని లేదు. ఏడంగుళాల మందం, పదడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవున్న పలక లారీ మీద వస్తుంది. పైపులకు, మెట్లకు కన్నాలు ఫ్యాక్టరీలోనే కోసి ఉంటాయి. బరువు మూడు టన్నుల పైచిలుకు. అదే కొలతకు కాంక్రీటైతే పదిహేను టన్నులు దాటుతుంది. క్రేను ఎత్తుతుంది, కొద్దిమంది కార్పెంటర్లు పొడుగాటి స్క్రూలు దింపుతారు, మరుసటి రోజు దాని మీద నడుస్తాం.

కర్ర కాలదా అని మొదటి రోజు నేనూ అడిగాను. కాలుతుంది. కానీ పైపొర బొగ్గై లోపలికి వేడి పోనివ్వదు. గంటకు సుమారు ఒకటిన్నర అంగుళం చొప్పున కాలుతుందని లెక్కగట్టి ఆ మేరకు మందం ఎక్కువ పెడతారు. 2021 బిల్డింగ్ కోడ్ ఈ పద్ధతిలో 18 అంతస్తుల దాకా ఒప్పుకుంది. మిల్వాకీలో ప్రత్యేక అనుమతితో 25 అంతస్తుల అసెంట్ టవరు 2022లో పూర్తయింది. 2024 ఆగస్టులో తెరిచిన పోర్ట్‌లాండ్ ఎయిర్‌పోర్టు కొత్త టెర్మినల్ అయితే చూసి తీరాలి. తొమ్మిదెకరాల చెక్క పైకప్పు. ఆ కలపంతా 300 మైళ్ల లోపు నుంచే వచ్చింది, అందులో కొంత స్థానిక తెగల అడవులది. ఏ ముక్క ఎవరి అడవిదో కూడా చాలావరకు రాసి పెట్టుకున్నారు. ఇటువైపు వచ్చే బంధువులుంటే తల ఎత్తి చూడమనండి.

అయితే ఒక మాట. సీఎల్‌టీ అంటే అడవి చెత్తతో కట్టిన మేడ అని పత్రికల్లో రాసేస్తున్నారు. అంత లేదు. సన్న దుంగలోంచి తిన్నని పలక ఒకటి రెండు వస్తే పొరల్లో వాడుకోవచ్చు, నిజమే. కొమ్మలూ బెరడూ వాడలేం. పైగా స్పోకేన్ దగ్గర 2019లో భారీగా ఫ్యాక్టరీ తెరిచిన కటెరా కంపెనీ 2021లోనే దివాలా తీసింది. ఫ్యాక్టరీ వేరేవాళ్లు కొని నడుపుతున్నారు.

ఇంకో చిక్కూ ఉంది. చెత్తకు ధర వస్తే, చెత్త చాలనప్పుడు మంచి చెట్టు కూడా చెత్త కిందికే వస్తుంది. ఆగ్నేయ రాష్ట్రాల్లో చెట్లు కొట్టి పెల్లెట్లు చేసి ఓడల్లో ఇంగ్లండ్‌లోని డ్రాక్స్ లాంటి కరెంటు కేంద్రాలకు పంపే వ్యాపారం మీద ఏళ్లుగా ఇదే తగువు. ఆ పెల్లెట్ల కంపెనీల్లో పెద్దదైన ఎన్వీవా 2024 మార్చిలో దివాలా రక్షణ కోరింది. అరిజోనాలో మంట ఆపడానికి తీసే కర్ర వేరు, ఓడ నింపడానికి కొట్టే కర్ర వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి పొగడటం, ఒకే గాటన కట్టి తిట్టడం రెండూ తప్పే.

చెట్టు కొట్టే చేతులు

ఈ కథలో అందరూ మరిచిపోయే మనుషులు కొందరున్నారు. మిషను ఎక్కలేని ఏటవాలు కొండల్లో రంపం పట్టి బక్కచెట్లు కొట్టేది, పొదలు నరికేది, కుప్పలు పోసేది, మొక్కలు నాటేది ఎక్కువగా వలస కూలీలే. గ్వాటెమాలా, మెక్సికో, హోండూరస్‌ల నుంచి హెచ్-2బీ అనే సీజను వీసా మీద వస్తారు. స్పానిష్‌లో వాళ్లను పినేరోస్ అంటారు, పైన్ చెట్ల మనుషులని. మా సైట్లో గ్వాటెమాలా కార్పెంటర్ ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు మూడు సీజన్లు ఆ పని చేశాడట. ఇంటి కాగితాలు కుదువ పెట్టి వచ్చాడు. మొదటి సీజను సంపాదనంతా ఆ అప్పుకే పోయిందని చెబుతుంటే, జగిత్యాల నుంచో కడప నుంచో దుబాయ్ వచ్చిన మనవాళ్ల మాటే స్పానిష్ యాసలో విన్నట్టుంది. కూలి దగ్గర ఏజెంటు ఫీజు తీసుకోకూడదని రూలుంది. రూలు సంగతి మనకు తెలియనిదా.

2002 సెప్టెంబరు 12న మెయిన్ రాష్ట్రంలో, అలగాష్ నది మీద కమ్మీలు లేని చెక్క వంతెన నుంచి ఒక వ్యాను నీళ్లలో పడింది. పొదలు కొట్టే పనికి తెల్లారకముందే బయల్దేరిన పదిహేను మంది హోండూరస్, గ్వాటెమాలా కూలీలు అందులో ఉన్నారు. పద్నాలుగు మంది పోయారు. రోజూ గంటల కొద్దీ ప్రయాణం చేసి అడవికి చేరేవాళ్లు, ఆ ప్రయాణానికి కూలి లేదు. పడమట ఊళ్లు కాలకుండా ఉండాలని 2022లో అమెరికా ప్రభుత్వం పదేళ్లలో జాతీయ అడవుల్లో 2 కోట్ల ఎకరాలు, ఇతర భూముల్లో 3 కోట్ల ఎకరాలు అదనంగా పలచన చేస్తామని ప్రణాళిక ప్రకటించింది. ఎకరానికి ఎంతవుతుందన్న లెక్క వేసినప్పుడు ఆ వ్యానులో మనుషుల కూలి ఎంత వేశారో కూడా చూడాలి. ఆ కర్రకు మంచి ధర వస్తే కూలి పెరగడానికి కనీసం చోటుంటుంది. ధరే లేకపోతే కోత పడేది ముందు కూలి మీదే.

కంప చెట్టు, లంటానా ఏనుగు

మన దగ్గర అడవి వేరు, అవస్థ మాత్రం దగ్గరదే. మాది కనిగిరి వైపు. అక్కడ ఎటు చూసినా సర్కారు తుమ్మ. ఆ చెట్టును మన దేశానికి తెచ్చి మొదట వేసింది 1877లో మన కడప జిల్లాలోనే. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు చెరువులు, బీళ్లు, కాలవగట్లు అన్నీ ఆక్రమించింది. కొట్టి బొగ్గు కాల్చి బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2000 ప్రాంతంలో ఊక, తుమ్మకర్రతో నడిచే చిన్న కరెంటు కేంద్రాలు రాష్ట్రంలో చాలా వచ్చాయి. కర్ర ధర పెరిగి, కరెంటు రేటు చాలక చాలా వాటికి తాళాలు పడ్డాయి. కాలిఫోర్నియా కథే, కాస్త చిన్నగా.

అడవుల్లో అయితే లంటానా. తెల్లవాళ్లు రెండొందల ఏళ్ల కిందట తోటల అందం కోసం తెచ్చిన పొద, ఇప్పుడు జింకకు గడ్డి మొలవనివ్వకుండా అడవి నేలంతా కప్పేస్తోంది. కర్ణాటకలో మలె మహదేశ్వర కొండల సోలిగ గిరిజనులు దాన్ని ఉడకబెట్టి, తోలు తీసి, పేము కుర్చీల్లాంటివి చేయడం నేర్చారు. నీలగిరుల్లో గూడలూరు వైపు ఆదివాసీలు ఇంకో అడుగు ముందుకేసి అదే పుల్లలతో నిలువెత్తు ఏనుగులు కట్టారు. అలాంటి నూరు ఏనుగుల మంద 2024లో ఓడెక్కి అమెరికా వచ్చింది. జూలైలో న్యూపోర్ట్ సముద్రపు ఒడ్డున, సెప్టెంబరులో న్యూయార్క్ వీధుల్లో నిలబెట్టారు. జనం విరగబడి చూశారు. ఏనుగులు అమ్మిన డబ్బు మనుషులూ జంతువులూ కలిసి బతికే పనులకు వెళ్తుంది.

ఆ ఫొటోలు నాన్నకు పంపి, మన కంపతో కూడా ఏదైనా చేయొచ్చు కదా అన్నాను ఫోన్లో. ముళ్లకంపతో ఏనుగు కట్టేవాడికి చేతులుంటాయట్రా అని నవ్వాడు. తర్వాత ఆయనే అన్నాడు, "బొగ్గుకైతే గిరాకీ ఉంది గానీ, కంప కొట్టే మనుషులు దొరకట్లేదు. అందరూ మీలాగే పోయారుగా."